సైకిలు బ్రేకులలో శల్యసారథ్యము

ఈ పత్రికలో సోదరీమణులు వంటలను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, నోములను గూర్చియు వ్రాయుచుండగా, సైకిలు బ్రేకును గూర్చి వ్రాయబూనుట కొందఱికి వింతగా దోచవచ్చును. మాకును మొన్నటి శ్రావణమాసము వఱకు సైకిలనగా రెండు చక్రములు, ఒక గంట, అంతే. ఆ మాసమున మా యింట జరిగిన యొక చిన్న యపాయము మమ్ములను ఆ బ్రేకుల యెదుట పీట వేసికొని కూర్చుండునట్లు చేసినది. ఆడపిల్లలు సైకిలుపై బడికి పోవు నిండ్లు నేడెన్నియో యున్నవి. కావున మేము నేర్చుకొన్నది నలుగురితో చెప్పుట మంచిదని తలచితిమి.

మాది ఇటిక్యాల. కృష్ణా తుంగభద్రల నడుమ నున్నందున నడిగడ్డ యని పేరొందిన సీమలోనిది. 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినది. మా వారు బడిపంతులు. మేము మాత్రము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు మాకు ఇంటనే అమరకోశమును, నీతిచంద్రికను, భారతములోని కొన్ని పర్వములను, కడపట తర్కసంగ్రహమును చెప్పిరి. యంత్రముల పాఠ మందులో లేదు.

మా యమ్మాయి పదవ తరగతి చదువుచున్నది. హైదరాబాదులో నున్న మా తమ్ముడు తాను కొన్నేండ్లు త్రొక్కిన రోడ్డు సైకిలును మేనకోడలికి తెచ్చి యిచ్చినాడు. అది సన్నని టైర్లతో, ఒక చేత నెత్తదగినంత తేలికగా నుండును. దాని హ్యాండిలు పొట్టేలి కొమ్ములవలె క్రిందికి వంగి యుండును. పిల్ల రెండు వారములు దానిపైననే బడికి పోయి వచ్చెను. ఆపుటలో నే యిబ్బందియు లేకుండెను; కాని పుస్తకముల సంచి వీపున నుండగా ముందునకు వంగి త్రొక్కుట కష్టమనెను. వీధిలో నట్లు వంగి పోవుట మా యత్తగారికిని నచ్చలేదు. అందుచేత మా వారు దానిని పట్టణములోని యొక సైకిలు షాపునకు తీసికొనిపోయి, కొమ్ముల హ్యాండిలు తీయించి, తిన్నని హ్యాండిలు వేయించిరి. ఆ హ్యాండిలునకు తగిన క్రొత్త బ్రేకుమీటలు రెండును వేసిరి. చక్రముల దగ్గఱి బ్రేకులు మాత్రము పాతవే.

"చూడండి సార్, రాయి లెక్క ఉన్నది" అని షాపతడు మీట నొత్తి చూపెనట. ఇంటికి వచ్చిన పిదప మేమందఱమును ఒక్కొక్కసారి యొత్తి చూచితిమి. మీట నిజముగా రాయివలె గట్టిగా నుండెను. పాత మీటలు కొంచెము మెత్తగా లోనికి పోయెడివి. ఇవి కదలి కదలకముందే నిలిచిపోవుచుండెను. అంతటి గట్టి బ్రేకు కుదిరినదని సంతోషించితిమి.

మూడవ దినమున, వాన లేని ఉదయమున, మా యమ్మాయి కాలువ మోరీ దగ్గఱి పల్లమున దిగుచుండగా బఱ్ఱెలమంద యొకటి దారికి అడ్డముగా వచ్చెను. పిల్ల రెండు మీటలను నాలుగేసి వ్రేళ్లతో నొత్తినది. సైకిలు వేగము తగ్గెనే కాని నిలువలేదు. బఱ్ఱెలపై పడుటకంటె మేలని పిల్ల ప్రక్కకు త్రిప్పగా, అది సర్కారుతుమ్మ కంపలోనికి పోయి పడినది. మోకాలును మోచేయియు దోకుకొనిపోయినవి. అరచేతిలో ముండ్లు విఱిగినవి. దైవానుగ్రహమున అంతటితో పోయినది.

గాయములకంటె పిదప విన్న మాటలు మమ్ములను ఎక్కువగా బాధించినవి. మా యత్తగారు భయముచేత, "ఆడపిల్ల చేతులే అవి, వాటిల ఏమి బలముంటది? రేపటినుంచి సైకిలు వద్దు. ఆటో దొరికిన నాడు పోతది, దొరకని నాడు ఇంట్ల ఉంటది" అనిరి. షాపతనికి చూపగా అతడు తన పెద్ద పిడికిట మీట నొత్తి, "బ్రేకు పక్కాగున్నది, పాపనే గట్టిగ ఒత్తలే" అనెను. మా వారు కూడ, "అమ్మా, ఇంక కొంచెము ముందుగా నొత్తవలసినది" అని మెల్లగా చెప్పిరి. పిల్ల యెవ్వరికిని బదులు చెప్పలేదు. ఆ రాత్రి మేము దీప మార్పబోవుసరికి అది ప్రక్కపై కూర్చుండి, పాతగుడ్డ నొకదానిని ఉండగా జుట్టి, ముండ్లు దిగని యెడమచేత మాటిమాటికి పిసుకుచుండెను. ఏమమ్మా యని యడిగితిమి. "చేతికి బలము రావాలి గదా, అమ్మా" యనినది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా యింట దుప్పట్లు పిండునది ఆ పిల్లయే. అది పిండిన దుప్పటిలో చుక్క నీరు మిగులదు. అటువంటి చేతికి మీట నొత్తు బలము లేకపోవుట యేమి? తర్కసంగ్రహమున అన్వయవ్యతిరేకములని చదువుకొంటిమి గదా: ఏది యున్నప్పుడు కార్యము కలుగుచున్నదో, ఏది లేనప్పుడు కలుగకున్నదో, దానిని పట్టిన కారణము దొరకును. మొదటి రెండు వారములలో చేయి అదే, చక్రము అదే, రబ్బర్లు అవే, పల్లము కూడ అదే, బండి నిలిచినది. పిదప నిలువలేదు. నడుమ మాఱినది మీట లొక్కటియే. మీట రాయివలె గట్టిగా నున్నదన్న మాటను కాసేపు ప్రక్కకు పెట్టి, తెల్లవారగానే అటకమీది గోనెసంచిలోనుండి పాత మీటలను దింపితిమి.

సోదరీమణులకు బ్రేకు నిర్మాణమును ముందుగా చెప్పుదుము. ఇందు మూడు భాగములు గలవు. చేతి యొద్ద మీట. చక్రము నొద్ద, మన వంటింటి పట్టుకారువలె రెండు చేతులతో రిమ్మును ఇరువైపుల బిగించు క్యాలిపరు. ఈ రెండింటిని కలుపు వైరు. మీట నొత్తినచో వైరు లాగబడును. వైరు లాగబడినచో పట్టుకారు మూసికొని రబ్బర్లు రిమ్మును పట్టును. ఇట్లు తొడుగులో జారు తీగచేత బలమును దూరమునకు పంపు నుపాయము ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అను నాతని 1896 నాటి పేటెంటులోనిది.

మా మామగారి నల్లసైకిలు గోడ ప్రక్కనే యున్నది. దానికి వైరు లేదు. ఇనుప కడ్డీలే మీటనుండి చక్రము వఱకు పోవును. కడ్డీ పైకి లాగినప్పుడు రబ్బర్లు రిమ్మునకు లోపలివైపున, అనగా పుల్లలు నాటుకొన్న వైపున, తగులును. ఆ బండిలో మీటయు, కడ్డీయు, రబ్బరు పట్టియు ఒక్క కుదురున పుట్టినవి. వానిలో నొకదానిని తీసి మఱియొకటి వేయు నవకాశమే తక్కువ. వైరు వచ్చిన పిదప ఏ మీటనైనను ఏ క్యాలిపరుతోనైనను కట్టవచ్చును. కట్టుటకు వీలైనంత మాత్రమున జత కుదిరినట్లు కాదని మేము ఇప్పుడు తెలిసికొంటిమి.

పాత మీటను క్రొత్త మీటను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా ఒక భేదము కనబడెను. ప్రతి మీటకును ఒక చీల గలదు. మీట దానిపై తిరుగును. వైరు తల మీటలో నొక గూటియందు కూర్చుండును. పాత మీటలో నా గూడు చీలకు దగ్గఱగా నున్నది. క్రొత్తదానిలో దూరముగా నున్నది. అంతే భేదము. అయితే ఆ వ్రేలెడు భేదములోనే రహస్యమంతయు గలదు.

అడకత్తెర పట్టిన ప్రతి స్త్రీయు దీనిని ఇట్టే గ్రహించును. పోకచెక్కను చీలకు దగ్గఱగా నుంచి నొక్కినచో పుటుక్కున తెగును. దానినే కత్తెర మొనయొద్ద పెట్టి నొక్కినచో చేయి నొచ్చునే కాని చెక్క తెగదు. చీల దగ్గఱ అలుగు కదలునది కొంచెము, బలము మెండు. మొన దగ్గఱ అలుగు కదలునది ఎక్కువ, బలము కొంచెము. రెండును ఒక్కచోట దొరకవు. బ్రేకుమీటయు అట్టిదే. వైరు గూడు చీలకు దగ్గఱగా నున్న మీట వైరును కొంచెమే లాగును, బలముగా లాగును. దూరముగా నున్న మీట వైరును చాలా లాగును, బలహీనముగా లాగును. సుద్దముక్కతో వైరుపై గీత పెట్టి కొలిచితిమి. మీటను సమముగా నొత్తినప్పుడు, క్రొత్తది పాతదానికి దాదాపు రెండింతలు వైరు లాగుచున్నది.

అట్లైనచో ఆ రాతి గట్టిదన మెక్కడిది? ఎక్కువ వైరు లాగు మీట, కొంచెము వైరు చాలు క్యాలిపరును కన్ను మూసి తెఱచునంతలో మూసివేయును. రబ్బర్లు వెంటనే రిమ్మునకు తగులును, మీట నిలిచిపోవును. ఆ పైన నెంత నొక్కినను ఆ నొక్కుడు హెచ్చింపబడక పోవును గాన రబ్బరు రిమ్మును గట్టిగా పట్టదు. చేతికి తోచిన గట్టిదనము మొనయొద్ద పెట్టిన పోకచెక్క గట్టిదనమే. నిలిచియున్న బండిపై మీట నొత్తి చూచువాని కది మేలైన బ్రేకుగా తోచును. పల్లమున పోవు పిల్లకే నిజము తెలియును.

మా తమ్మునికి ఫోనులో ఈ సంగతి చెప్పగా అతడు, "అక్కా, తప్పు నాదే, ముందే చెప్పవలసింది" అని నొచ్చుకొని, మిగిలిన కథ చెప్పినాడు. ఈ మీటలలో రెండు వంశములు గలవట. తక్కువ వైరు లాగునవి ఒక వంశము: రోడ్డు సైకిళ్ల క్యాలిపర్లకును, క్యాంటిలీవరు అను పాత పద్ధతి బ్రేకులకును ఇవి తగును. ఎక్కువ వైరు లాగునవి రెండవ వంశము: 1996లో జపాను దేశపు షిమానో సంస్థ తెచ్చిన వీ-బ్రేకులకు ఇవి తగును. వీ-బ్రేకు చేతులు పొడవైనవి; అవి కొండదారుల సైకిళ్లకును, నేడు బజారులో దొరకు అనేకములైన లావు టైర్ల సైకిళ్లకును ఉండును. ఆ పొడవు చేతులే బలమును హెచ్చించును గాన వానికి మీట బలము తక్కువైనను చాలును. వైరు మాత్ర మెక్కువ కావలెను. తిన్నని హ్యాండిలునకు మీటలని యడిగినచో షాపులలో చేతికందునవి తఱచుగా ఈ రెండవ వంశమువే. మా సైకిలునకు జరిగినది అదియే.

దీని విపర్యయము కూడ ప్రమాదమే. తక్కువ వైరు లాగు మీటను వీ-బ్రేకునకు కట్టినచో మీట మెత్తగా హ్యాండిలు వఱకు వచ్చి తగులును. అప్పటికి రబ్బర్లు సరిగా బిగియకపోవచ్చును. అట్లు కాకుండ రబ్బర్లను రిమ్మునకు మఱీ దగ్గఱగా జరిపినచో చక్రము రాచుకొనుచు తిరుగును. ఇక రోడ్డు సైకిళ్ల వంశములోనే చిన్నచిన్న శాఖాభేదములు గలవు. 2008లో వెలువడిన షిమానోవారి డ్యూరా-ఏస్ 7900 మొదలుకొని ఆ సంస్థ మీటలు మునుపటికంటె కొంచె మెక్కువ వైరు లాగునట్లు మాఱినవి. ఆ క్రొత్త మీటలను అంతకు ముందటి క్యాలిపర్లకు కట్టినచో పట్టు తగ్గును. పేరొక్కటి యైనంత మాత్రమున జత యొక్కటి కాదు.

ఇది వినగా మాకు భారతములోని కర్ణపర్వము తలపునకు వచ్చినది. కర్ణుడు మహావీరుడు, శల్యుడు గుఱ్ఱములను తోలుటలో సాటిలేనివాడు. ఇరువురును గొప్పవారే. ఒక్క రథముపై కూర్చుండగానే ఒకని నేర్పు మఱియొకని కక్కఱకు రాలేదు. శల్యునిలో మనసు లేమి యుండెను, మీటకు మనసే లేదు; అయినను ఫలము సమానము. మా సైకిలు క్యాలిపరు మంచిదే. క్రొత్త మీటయు మంచిదే. వీ-బ్రేకునకు కట్టినచో చక్కగా పని చేయును. చెడ్డది ఆ జత. దాని ఫలమును అనుభవించినది పిల్ల, నింద మోసినది దాని చేయి.

తిన్నని హ్యాండిలునకు అమరుచు తక్కువ వైరు లాగు మీటలు కూడ గలవు. మా తమ్ముడు అట్టివానిని సంపాదించి పంపెను. అదే షాపతడు అరగంటలో వేసెను. మేము చెప్పిన అడకత్తెర మాట విని అతడు రెండు మీటలను చేత బట్టి చాలసేపు చూచి, "ఇది నాకు తెల్వదమ్మా, ఇకనుంచి చూసి వేస్తా" అని, డబ్బు పుచ్చుకొనుటకు కూడ సందేహించెను. పని నేర్చినవాడు తెలియదని చెప్పుట చిన్న విషయము కాదు. అతనియందు మాకు గౌరవము కలిగినది.

ఇంటికి వచ్చి మీట నొత్తి చూచి మా యత్తగారు మొగము చిన్నబుచ్చుకొనిరి. "ఇది మెత్తగున్నదే!" అనిరి. నిజమే, రాయివలె లేదు. వ్రేళ్లకు లొంగి లోనికి వచ్చుచున్నది. అప్పుడు మా యమ్మాయి సైకిలు ప్రక్కన నిలిచి, ముందు చక్రపు మీట నొత్తి పట్టి, బండిని ముందునకు త్రోసెను. ముందు చక్రము భూమికి కఱచుకొని నిలువగా వెనుక చక్రము జానెడు పైకి లేచెను. ఎక్కువ వైరు లాగు మీటలు ఉన్నప్పుడు ఇదే పరీక్ష చేసి యుండినచో బండి ముందునకు జారియుండెడిది; కంపలో పడుట తప్పియుండెడిది.

ఈ సందర్భమున మేము తెలిసికొన్న మఱికొన్ని జతల సంగతులను సంక్షేపముగా చెప్పుదుము. కొమ్ముల హ్యాండిలు మీటలకు వైరు తల జామకాయ యాకారమున నుండును. తిన్నని హ్యాండిలు మీటలకు చిన్న డోలు ఆకారమున నుండును. ఒకదాని గూటిలో మఱియొకటి సరిగా కూర్చుండదు. జాఱినచో బ్రేకే లేదు. గేర్ల వైరు సన్ననిది, దాని తొడుగు వేఱు. బ్రేకునకు వానిని వేయించరాదు, గట్టిగా నొత్తినప్పుడు ఆ తొడుగు పగులవచ్చును. క్యాలిపరు చేతుల పొడవు సైకిలు చట్టమునకు సరిపడవలెను. లేనిచో రబ్బరు రిమ్మును విడిచి టైరును రాచి కోయును, లేదా క్రిందికి జాఱి పుల్లలలో పడును. కడ్డీ బ్రేకుల పాతసైకిలు రిమ్మునకు ప్రక్కలు చదునుగా నుండవు గాన దానికి క్యాలిపరు వేయించుట పొసగదు. మెఱుగుపూత పూసిన ఇనుప రిమ్ము తడిసినప్పుడు బ్రేకు పట్టు చాల తగ్గును. అల్యూమినియము రిమ్ము అంతకంటె మేలు. వానకాలమున పిల్లలకు ముందుగా బ్రేకు వేయుట నేర్పవలెను.

మీటల వంశము నెఱుగుటకు గజమును గణితమును అక్కఱలేదు. పిల్లల పెట్టెలోని స్కేలు చాలును. మీట తిరుగు చీల నడిమినుండి వైరు తల నడిమి వఱకు కొలువుడు. సామాన్యముగా 30 మిల్లీమీటర్లును అంతకు మించియు నున్నచో అది వీ-బ్రేకు మీట. అంతకు తక్కువైనచో క్యాలిపరు మీట. కొన్ని మీటలలో వైరు తలను రెండు చోట్ల పెట్టుటకు వీలుండును. అట్టివానిని మన బ్రేకునకు తగిన చోట పెట్టించుకొనవలెను. పిదప పై చెప్పినట్లు త్రోసి చూడుడు: ముందు బ్రేకు పట్టినచో వెనుక చక్రము లేవవలెను, వెనుక బ్రేకు పట్టినచో వెనుక చక్రము తిరుగక ఈడ్వబడవలెను. బండి నిలుచునప్పుడు భారము ముందునకు వచ్చును గాన ముందు బ్రేకే యెక్కువ పని చేయును. అయినను రెండింటిని కలిపి, మెల్లమెల్లగా బిగించుటయే పిల్లలకు నేర్పదగినది.

సోదరీమణులారా! మన పిల్ల పడిపోయి వచ్చిన నాడు చేయి బలహీనమనియు, తెలివి తక్కువ యనియు, ఆడపిల్లకు తగని పని యనియు అనుటకు ముందు, ఆ చేతికి మన మిచ్చిన సాధన మెట్టిదో యొక్కసారి చూచెదము గాక. ఆ పిల్ల ఎవ్వరికిని బదులు చెప్పక తన చేతినే శిక్షించుకొన్నది. ఆ యుదయము సంచి విప్పి చూడకుండినచో ఆటో దొరకని నా డెల్ల దానికి బడి లేకుండెడిది. తన చేయి చేతకానిదని అది నమ్మియు నుండెడిది.

ఇప్పుడు మా యమ్మాయి ప్రతిదినమును వాకిట సైకిలును త్రోసి చూచి మఱి యెక్కుచున్నది. మా యత్తగారు అరుగుమీద కూర్చుండి, "ఎనక చక్రము లేసిందా?" అని యడుగక దానిని పోనీయరు. రాత్రులు పిసికిన ఆ గుడ్డయుండ ఇప్పుడు వంటింట నీళ్లకుండ క్రింద కుదురుగా నున్నది.